రమ్మనకుండా వచ్చే తలంపు పాపమా?

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్లు. కతోలిక కుటుంబంలో పుట్టి పెరిగాను. కొంతకాలంగా నా మనసులోకి భయంకరమైన తలంపులు వస్తున్నాయి. పూజలో గురువు అప్పాన్ని పైకెత్తే సమయానికి దేవుడి మీద బూతు మాటలు మెదులుతాయి. మరియమాత స్వరూపం ముందు మోకరిస్తే చెప్పుకోలేని బొమ్మలు కళ్ల ముందుకొస్తాయి. అక్క బిడ్డను ఎత్తుకుంటే కింద పడేస్తానేమో, నాకు నిజంగా పడేయాలని ఉందేమో అనిపిస్తుంది. తరిమేకొద్దీ ఎక్కువవుతున్నాయి. వారం వారం గురువు దగ్గర పాపాలు ఒప్పుకుంటూ పాపసంకీర్తనం చేస్తున్నాను. బయటికి రాగానే సరిగ్గా చెప్పలేదేమోనని మళ్లీ భయం. ఈమధ్య పూజలో ఇచ్చే అప్పం, దివ్యసత్ప్రసాదం తీసుకోవడం మానేశాను. ఫాదర్ గారు ‘ఇవి పాపాలు కావమ్మా’ అన్నారు. కానీ నేను ఆయనకు అన్నీ చెప్పానో లేదో! ‘నా తలంపులలో పాపం చేశాను’ అని పూజలో మనమే ఒప్పుకుంటాం కదా? ఆ తలంపు వచ్చినప్పుడు నా మనసు దానికి ఒప్పుకోలేదని నాకెలా తెలుస్తుంది?

సమాధానం:

పాపం కాదు. మీరు రాసిన మూడింటిలో ఏ ఒక్కటీ పాపం కాదు. చావైన పాపం, అంటే దేవుడితో బంధాన్ని తెంచే ఘోర పాపం, కాదు సరికదా, స్వల్ప పాపం కూడా కాదు. మీ ఫాదర్ గారు ఏదో ఓదార్చడానికి ఆ మాట అనలేదు. శ్రీసభ, అంటే కతోలిక సంఘం, బోధించేదే చెప్పారు. ఆ బోధన ఏమిటో ముందు చూద్దాం. తర్వాత మీరు చివర్లో అడిగిన ప్రశ్నకు వస్తాను. మీ ఉత్తరం రెండోసారి చదివితే నాకు అర్థమైంది, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ చివరి ప్రశ్నేనని.

1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం 1857వ పేరాలో చావైన పాపానికి మూడు షరతులు పెట్టింది. విషయం ఘోరమైనదై ఉండాలి. అది ఘోరమని పూర్తిగా తెలిసి ఉండాలి. తెలిసి కూడా కావాలని సమ్మతించి ఉండాలి. మూడూ కలిస్తేనే అది చావైన పాపం. విషయం ఘోరమైనదైనా, తెలియడంలోనో సమ్మతిలోనో లోటు ఉంటే అది స్వల్ప పాపమే అని ఇంకొంచెం ముందుకెళ్లాక 1862వ పేరా చెబుతుంది. ఇక సమ్మతి అసలే లేనప్పుడు పాపం అనే మాటకే చోటు లేదు. పాపం మనిషి ఎంచుకుని చేసేది. మనిషికి తనంతట తానుగా జరిగిపోయేది పాపం కాలేదు.

ఇది ఈ కాలంలో మెత్తబడి చెప్పిన మాట కాదు. 1546లో ట్రెంట్‌లో సమావేశమైన శ్రీసభ బిషప్పుల మహాసభ ఆదిపాపం గురించి చర్చించినప్పుడే ఈ విషయం తేల్చింది. జ్ఞానస్నానం పొందాక కూడా మనిషిలో చెడు వైపు లాగే గుణం ఒకటి మిగిలే ఉంటుంది. దానితో మనం పోరాడాలి. కానీ దానికి సమ్మతించకుండా క్రీస్తు కృపతో ఎదిరించేవారికి అది హాని చేయలేదు. లాగుడు ఉండటమే అసలైన అర్థంలో పాపం అని శ్రీసభ ఎన్నడూ అనుకోలేదని ఆ మహాసభ స్పష్టంగా రాసింది.

అయితే ‘నా తలంపులలో పాపం చేశాను’ అని ఎందుకంటున్నాం? మంచి ప్రశ్న. దీన్ని దాటవేయకూడదు, ఎందుకంటే తలంపుతో పాపం చేయడం సాధ్యమే. స్త్రీని కామేచ్ఛతో చూసేవాడు అప్పటికే మనసులో ఆమెతో వ్యభిచరించాడని మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ప్రభువు చెప్పారు. పది ఆజ్ఞల్లో చివరి రెండూ పూర్తిగా మనసు లోపలి కోరికల గురించే. కాబట్టి చేత్తో చేయలేదు కనుక పాపం కాదని ఎవరూ చెప్పలేరు. కానీ ప్రభువు మాటల్లో ఉన్న మనిషిని ఒకసారి గమనించండి. అతని కంట ఒక స్త్రీ పడటం దగ్గర ప్రభువు ఆగలేదు. అతను ఆ కోరిక కోసమే చూస్తున్నాడు. అతని చూపులో అతని ఇష్టం ఉంది.

పోపు మహా గ్రెగోరీ, ఆయన కంటే ముందు పునీత అగుస్తీను, ఈ దారిలో మూడు మెట్లు ఉంటాయని వివరించారు. మొదట తలంపు వస్తుంది. తర్వాత దానిలో ఒక ఇంపు కలుగుతుంది. ఆపైన మనసు దానికి ఒప్పుకుంటుంది. మొదటి మెట్టు మన చేతిలో లేదు. రెండోది కూడా చాలాసార్లు మన చేతిలో ఉండదు. శరీరం తనంతట తాను స్పందించినా, ఒక్క క్షణం లోపల ఏదో కదిలినా అది ఒప్పుకోవడం కాదు. పాపం పూర్తయ్యేది మూడో మెట్టు మీదే. ఆత్మల మార్గదర్శిగా పేరు పొందిన పునీత ఫ్రాన్సిస్ ద సాల్ కూడా 1609లో సామాన్య విశ్వాసుల కోసం రాసిన పుస్తకంలో ఇదే చెప్పాడు. శోధన జీవితాంతం వెంటాడినా సరే, అది మనకు నచ్చకుండా, మనం సమ్మతించకుండా ఉన్నంత కాలం దేవుడికి మన మీద అయిష్టం కలగదన్నాడు.

అసలైన పాపపు తలంపు ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెప్తాను. ఒకరు నలుగురిలో నన్ను అవమానించారనుకోండి. వాళ్లు నాశనమైతే బాగుండునని ఠక్కున అనిపించింది. అది శోధన. ఆ రాత్రి నేను కూర్చుని, వాళ్లు ఎలా దెబ్బతినాలో ఒక్కొక్కటే ఊహించుకుంటూ, నిజంగా అలా జరగాలని కోరుకుంటూ, వద్దని మనస్సాక్షి చెప్తున్నా వినకుండా ఆ ఊహను పోషిస్తూ గడిపాను. ఇది పాపం. పూజలో మనం ఒప్పుకునేది ఇలాంటి తలంపుల గురించి. ఇందులో నాకు ఆ ఊహ కావాలి. మీ సంగతి చూస్తే, మీరు రాసిన మూడు తలంపుల్లో ఒక్కటి కూడా మీకు అక్కర్లేదు. అవి పోవాలని ఏడుస్తున్నారు. ఈ తేడా చిన్నది కాదు. శ్రీసభ నైతిక బోధనలో మొత్తం లెక్క తిరిగేది దీని చుట్టూనే.

‘తలంపు చాలాసేపు ఉంటే?’ అని మీరు అడగలేదు గానీ, ఇలాంటి బాధ పడేవాళ్లందరికీ వచ్చే అనుమానమే కాబట్టి చెప్తున్నాను. చెడు తలంపులో ‘నిలిచి ఉండటం’ గురించి పునీత తోమా అక్వినాసు తన సుమ్మా గ్రంథంలో చర్చించాడు. అక్కడ లెక్కకు వచ్చేది కాలం కాదన్నాడు. దాన్ని తోసేయాల్సింది పోయి బుద్ధి కావాలని అక్కడే ఆగడం లెక్కలోకి వస్తుందన్నాడు. అంటే మీరు వద్దంటున్నా గంటసేపు మనసులో తిరిగిన తలంపు పాపం కాదు. ఇష్టపడి ఒక్క నిమిషం పట్టుకుని కూర్చున్నది పాపం కావచ్చు. గడియారం చూసి తేల్చే విషయం కాదిది. కలల సంగతీ అంతే. నిద్రలో బుద్ధి తన అదుపులో ఉండదు కాబట్టి ఆ సమయంలో జరిగేదాన్ని పాపంగా లెక్కించకూడదని కూడా ఆయనే రాశాడు.

ప్రభువుకు కూడా ఎడారిలో శోధన వచ్చింది. సాగిలపడి తనను ఆరాధించమని సాతాను ఆయనతోనే అన్నాడు. ఆ మాట ఆయన చెవిన పడింది, ఆయన మనసు దాన్ని విన్నది. దైవదూషణ మాట చెవినో మనసునో తాకడమే పాపమైతే మన విశ్వాసం ఏమైపోవాలి? అన్ని విషయాల్లోనూ మనలాగే శోధన పొందినా ఆయన పాపం చేయలేదని హెబ్రీయుల లేఖ నాలుగో అధ్యాయం చెబుతోంది. శోధన వేరు, పాపం వేరు అనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఇక్కడిదాకా చదివి మీరు బహుశా తల ఊపుతూనే ఇలా అనుకుంటూ ఉంటారు: ‘అదంతా నిజమే. కానీ నేను ఒప్పుకోలేదని గ్యారంటీ ఏమిటి? ఆ క్షణంలో లోపల ఏదో ఒక మూల నాకు నచ్చిందేమో.’ ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం.

నూటికి నూరు శాతం గ్యారంటీ దొరకదు. మీకే కాదు, ఎవరికీ దొరకదు. శ్రీసభ దాన్ని మీ నుంచి అడగడమూ లేదు. అడిగేది మీరు, మీ భయం. ఆ క్షణంలోకి మళ్లీ మళ్లీ వెళ్లి, ‘నచ్చిందా, నచ్చలేదా, ఎంత శాతం’ అని తవ్వుతున్నారు. తవ్వాలంటే ఆ తలంపును మళ్లీ తలచుకోవాలి. తలచుకోగానే మళ్లీ భయం, భయం వల్ల మళ్లీ తవ్వడం. ఇలా తవ్వి నిజం కనుక్కున్నవాళ్లు ఎవరూ లేరు. అలసిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇలాంటి సందేహానికి నైతిక వేదాంతులు ఏనాడో ఒక దారి చూపారు. ఆ విద్యకూ, పాపసంకీర్తన గురువులకూ పాలక పునీతుడైన అల్ఫోన్సు లిగోరి (1696–1787) తానే ఇలాంటి సందేహాలతో నలిగినవాడు. ఆయన చెప్పిన సూత్రం చాలా సూటిగా ఉంటుంది. పాపమంటే భయపడుతూ, చావైన పాపాన్ని అసహ్యించుకుంటూ బతికే మనిషికి ‘నేను సమ్మతించానా లేదా’ అన్న సందేహం వస్తే, సమ్మతించలేదనే తీసుకోవాలి. అలాంటి మనిషి నిజంగా తన మనసు మార్చుకుని ఘోరానికి ఒప్పుకుని ఉంటే అది తనకు స్పష్టంగా తెలిసిపోతుంది. సందేహంగా మిగిలిందంటేనే జరగలేదన్నమాట. మీ ఉత్తరంలో ‘ఏమో’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. ఆ ‘ఏమో’యే మీకు జవాబు.

ఈ రోగానికి పాతకాలం నుంచే శ్రీసభలో పేరుంది, స్క్రూపుల్స్ అంటారు. పాపం లేని చోట పాపం కనిపించడం దీని లక్షణం. ఇది మీ ఒక్కరికే వచ్చిన శాపం అనుకోకండి. యేసు సభ స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ లొయోలా 1522లో మన్రేసా అనే ఊళ్లో ఉన్నప్పుడు దీనితో అల్లాడిపోయాడు. అంతకు ముందే పాపాలన్నీ రాసుకుని, మూడు రోజులు కూర్చుని, పూర్తి పాపసంకీర్తనం చేశాడు. అయినా ఏదో వదిలేశానని మళ్లీ మళ్లీ చెప్పుకునేవాడు. చాలా స్పష్టంగా ఉన్నవి తప్ప పాతవేవీ ఇక చెప్పొద్దని గురువు ఆజ్ఞాపించాడు. ఇగ్నేషియస్‌కు అన్నీ స్పష్టంగానే కనిపించేవి, దాంతో ఆ ఆజ్ఞ కూడా పనిచేయలేదు! మీరు ఇప్పుడు ఎక్కడున్నారో ఆయన సరిగ్గా అక్కడే ఉన్నాడు. చివరికి గతంలోని పాపాలు ఏవీ ఇక పాపసంకీర్తనంలో ఎత్తనని గట్టిగా నిర్ణయించుకున్నాక విముక్తి దొరికింది. అన్నీ తేలాక ఆయన ఆగలేదు, తేలకుండానే ఆగాడు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి.

1548లో అచ్చయిన ఆయన ఆధ్యాత్మిక సాధనల పుస్తకంలో మీకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. చెడు తలంపు వచ్చి, దాన్ని కాదంటే వెళ్లిపోతే అది పుణ్యం. కాదన్నా మళ్లీ మళ్లీ వస్తుంటే, ప్రతిసారీ కాదంటూ ఉంటే అది ఇంకా పెద్ద పుణ్యం. ఏ తలంపుల్ని మీరు ఇన్నాళ్లూ అప్పు ఖాతాలో రాసుకుంటున్నారో ఆయన వాటిని జమ ఖాతాలో రాశాడు.

సియన్నా పునీత కత్తరీనమ్మ (1347–1380) గురించి ఆమె గురువు రాసిన చరిత్రలో ఒక సంఘటన ఉంది. ఎన్నో రోజులు ఆమె మనసును అసహ్యమైన తలంపులు, బొమ్మలు ముట్టడించాయి. అవి తొలగాక ప్రభువు కనిపించినప్పుడు, ‘నా హృదయం అంత మురికితో నిండినప్పుడు మీరెక్కడున్నారు’ అని అడిగింది. ‘నీ హృదయంలోనే ఉన్నాను’ అన్నారాయన. ఆ తలంపులు నీకు సంతోషమిచ్చాయా, బాధ ఇచ్చాయా అని కూడా అడిగారు. బాధే అంది. నేను అక్కడ ఉన్నందువల్లే నీకు ఆ బాధ అన్నారు ప్రభువు. పూజలో మీరు పడే బాధను ఇన్నాళ్లూ దేవుడికి దూరమైన గుర్తుగా చదువుకున్నారు. కత్తరీనమ్మ దాన్ని ఎలా చదివిందో చూడండి.

ఇప్పుడు మనసు పనిచేసే తీరు గురించి రెండు మాటలు. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని అడిగి చూశారు. వాళ్లలో అత్యధికులు తమకూ ఇలాంటి అక్కర్లేని తలంపులు వస్తాయని చెప్పారు. హింస, అసభ్యం, దైవదూషణ, అన్నీ వస్తాయి. తేడా ఎక్కడంటే, చాలామంది ‘ఛీ’ అనుకుని పనిలో పడిపోతారు. కొందరు ‘ఇది నాకెందుకు వచ్చింది, నేనెలాంటి మనిషిని’ అని పట్టుకుంటారు. పట్టుకున్నదే తిరిగి తిరిగి వస్తుంది. తరిమితే పోతుందా అంటే అదీ లేదు. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం కొందరిని ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దంది. వాళ్లకు అదే పదే పదే గుర్తొచ్చింది. అప్పం పైకెత్తే సమయంలోనే ఆ మాటలు మీకెందుకు వస్తాయో ఇక్కడ తెలుస్తుంది. ఆ క్షణం మీకు అన్నిటికంటే పవిత్రమైనది. అక్కడే మీరు అన్నిటికంటే గట్టిగా కాపలా కాస్తున్నారు. మనసు దేనికి భయపడుతుందో దాన్నే చూపిస్తుంది. ప్రాణంగా చూసుకునే బిడ్డ విషయంలోనూ అదే జరుగుతోంది. ఆ తలంపు చూసి మీరు హడలిపోతున్నారంటేనే అది మీ కోరిక కాదని అర్థం. బిడ్డను ఎత్తుకోవడం మానకండి.

మరేం చేయాలి? మొదటిది, తలంపుతో వాదించకండి. దాన్ని రద్దు చేయడానికి జపాలు లెక్కపెట్టి చెప్పకండి. సిలువ గుర్తు పదిసార్లు వేసుకోవడం, అదే జపం ‘సరిగ్గా’ వచ్చేదాకా మొదటి నుంచి చెప్పడం, ఇవి భక్తిలా కనిపిస్తాయి గానీ భయానికి మేత. తలంపు వచ్చింది, ఉండనీండి. మీ చూపును అప్పం మీదే ఉంచండి. మోకాళ్ల మీద ఉంటే అలాగే ఉండండి. జపం మధ్యలో ఉంటే తర్వాతి మాటకు వెళ్లండి. దానికి జవాబివ్వకుండా మీ పని మీరు చేసుకోవడమే కాదనడం. అంతకంటే గట్టిగా కాదనాల్సిన అవసరం లేదు.

రెండోది, ఒక్క గురువునే పట్టుకోండి. గురువుల్ని మారుస్తూ పోవద్దు. ‘నాకు స్క్రూపుల్స్ ఉన్నాయి ఫాదర్, ఏది చెప్పాలో ఏది చెప్పక్కర్లేదో మీరే నియమం పెట్టండి’ అని ఒకసారి అడగండి. ఆయన పెట్టిన నియమాన్ని మీ భయం కంటే ఎక్కువగా నమ్మండి. ఈ తలంపుల్ని ఇక చెప్పొద్దని ఆయన అంటే, చెప్పకండి. ‘ఆయనకు పూర్తిగా అర్థం కాలేదేమో’ అన్న ఆలోచన తప్పక వస్తుంది. అదీ ఆ రోగంలో భాగమే. తప్పు నిర్ణయం చేసినా ఆ భారం ఆయనది, మీది కాదు. ఎన్నాళ్లకోసారి పాపసంకీర్తనం చేయాలో కూడా ఆయన్నే అడగండి, మధ్యలో పరుగెత్తకండి. శ్రీసభ చట్టమైన కానన్ లా 988వ నియమం మనల్ని చెప్పమనేది, మనస్సాక్షిని పరీక్షించుకున్నాక మనకు తెలిసిన ఘోర పాపాల్ని. అనుమానాల జాబితా అది అడగలేదు.

మూడోది, దివ్యసత్ప్రసాదం. ఘోర పాపం తన మీద ఉందని తెలిసినవారు దూరంగా ఉండాలి. అనుమానం ఉన్నవారు కాదు. మీకు తెలిసినది ఏమీ లేదు, ఉన్నదంతా అనుమానమే. పైగా మీ గురువు పాపం కాదని తేల్చారు. కాబట్టి వచ్చే ఆదివారం వెళ్లి తీసుకోండి. తీసుకుంటున్న క్షణంలోనే ఆ మాటలు వస్తే? రానీండి. తీసుకుని మీ చోటికి వచ్చి కూర్చోండి. భయం పోయాక వెళ్దామని ఆగితే భయం పోదు.

నాలుగోది, మానసిక వైద్యుల్ని కలవండి. మీరు రాసిన లక్షణాలు ఓసీడీ, అంటే అక్కర్లేని తలంపులు, వాటి భయం తీర్చుకోవడానికి చేసే పనులు మళ్లీ మళ్లీ వేధించే మానసిక రుగ్మత, లక్షణాల్లా ఉన్నాయి. అవునో కాదో తేల్చాల్సింది డాక్టర్. ఓసీడీ అయితే దీనికి మంచి చికిత్స ఉంది. భయపెట్టేదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొంటూ, భయం తగ్గించుకోవడానికి చేసే అలవాట్లను ఆపడం నేర్పే థెరపీ ఒకటి. అవసరమైతే మందులు. డాక్టర్ దగ్గర సిగ్గుపడి దాచకండి, బూతు మాటలతో సహా ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లు ఇలాంటివి రోజూ వింటారు. డాక్టర్ దగ్గరికి వెళ్లడం విశ్వాసం తగ్గడమేమీ కాదు. మానసిక రుగ్మతలు మనిషి బాధ్యతను తగ్గిస్తాయని సత్యోపదేశ గ్రంథం 1860వ పేరాలో శ్రీసభే గుర్తించింది. ఈ బాధ మరీ ఎక్కువై బతకాలనిపించకపోతే, లేదా హాని చేయాలన్న నిజమైన కోరికో ఉద్దేశమో మొదలైతే, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, ఇంట్లో ఎవరో ఒకరికి చెప్పండి.

మీరు అడగకపోయినా మీ మనసులో తప్పకుండా ఉండే ప్రశ్న ఒకటి మిగిలింది. ఇన్నాళ్లూ చేసిన పాపసంకీర్తనాలు చెల్లాయా, అన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాలా? చెల్లాయి. ఏదైనా మరిచిపోయినా, మాటలు సరిగ్గా కుదరకపోయినా, కావాలని దాచలేదు కాబట్టి అన్నీ క్షమించబడ్డాయి. మళ్లీ చేయక్కర్లేదు. ఈ జవాబును కూడా పదిసార్లు చదివి ధైర్యం తెచ్చుకోవాలని చూడకండి. ఒకసారి చదివారు కదా, పక్కన పెట్టి డాక్టర్‌కు ఫోన్ చేయండి.